రమణ మాత్రలు ఆపలేదు

నిన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే ఫోన్. మా మరిది రమణ ఉండే అపార్ట్‌మెంట్ మేనేజర్.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

"నో, నో, మొన్న ఆదివారమే మా ఇంట్లో పప్పుచారు తిని వెళ్ళాడు" అన్నాను. ఆవిడకేం తెలుసు పప్పుచారు? పాపం, "ఐ యామ్ సారీ" అంది.

అరవై తొమ్మిదేళ్ళు. నేను కోడలిగా వచ్చేనాటికి వాడు నిక్కర్లు వేసుకుని స్కూలుకెళ్ళేవాడు. నాకంటే ముందు వాడు పోవడమేంటి?

సాయంత్రం మన వాట్సాప్ గ్రూప్‌లో అందరూ మెసేజ్‌లు పెట్టారు. థాంక్స్. అందులో ఒకటి: "చాలా మంచివాడు. ఆ రోజుల్లో మందులు మానేసి అంత గొడవ చేసుకున్నాడు కానీ."

ఎవరు పెట్టారో చెప్పను. తప్పు వాళ్ళది కాదు. నలభై ఏళ్ళుగా మీ అందరికీ తెలిసిన కథ అదే, నేను నోరు మూసుకు కూర్చోబట్టి.

ఇవాళ చెప్పేస్తాను.

రమణ 1979లో ఎంఎస్‌కి వచ్చాడు. నేపర్‌విల్‌లో మా ఇంట్లోనే ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. నోట్లో వేలు పెట్టినా కొరకలేనంత మెతక.

రెండో ఏడు మనిషి మారిపోయాడు. టీవీలో న్యూస్ చదివేవాడు తన గురించే చెబుతున్నాడనేవాడు. వంటింట్లో ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నారనేవాడు. నిద్ర లేదు, తిండి లేదు. నేను దిష్టి తీశాను. మావారు చదువు టెన్షన్ అన్నారు.

చివరికి డాక్టర్ చెప్పారు. స్కిజోఫ్రీనియా. ఆ మాట పలకడం రావడానికే నాకు వారం పట్టింది. మీలో ఎవ్వరికీ చెప్పలేదు.

మాత్రలు బాగా పనిచేశాయి. ఆ గొంతులు తగ్గాయి. కానీ చేతులు వణికేవి, మాట ముద్దగా వచ్చేది, కూర్చున్నచోటే కునుకు తీసేవాడు.

1983లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. రమణకి తన తమ్ముడి కూతుర్ని ఇద్దామని డెట్రాయిట్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని గట్టిగా నమ్మాం మేము.

మూడు వారాల ముందు నేనే అన్నాను.

"రమణా, ఆ చేతులు చూస్తే వాళ్ళకి అనుమానమొస్తుంది. వ్రతం అయ్యేదాకా మాత్రలు ఆపెయ్ నాయనా. బాగానే ఉన్నావుగా."

"డాక్టర్ ఆపొద్దన్నాడు వదినా."

"ఆయనకేం తెలుసు మన పెళ్ళిచూపులు?"

నా మాట వాడెప్పుడూ కాదనలేదు. ఆపేశాడు. చేతులు వణకడం తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. మురిసిపోయాను. నిద్రపోవడం లేదని గమనించాను కూడా. పెళ్ళి హుషారు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వ్రతం రోజు ఇల్లంతా జనం. ఐదు కథలూ అయ్యాయి. ప్రసాదాన్ని చిన్నచూపు చూసినవాళ్ళు ఏమైపోయారో అందరూ అప్పుడే విన్నారు. మన రవ్వ దొరక్క ఇక్కడి బ్రేక్‌ఫాస్ట్ రవ్వతో చేశాను ప్రసాదం. పిల్లల చేతుల్లో పెట్టబోతున్నాను.

రమణ ఒక్క ఉదుటున వచ్చి గిన్నె లాక్కుని కార్పెట్ మీద బోర్లించేశాడు.

"తినకండి! విషం కలిపారు!"

పిల్లల్ని వెనక్కి నెట్టి, వాళ్ళకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

మనందరికీ స్వామివారి ప్రసాదం పారబోసిన పిచ్చివాడు కనిపించాడు. వాడి మటుకు వాడు మీ పిల్లల ప్రాణాలు కాపాడుతున్నాడు. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం "విషమేంట్రా, సిగ్గులేదా?" అని అరిచాను. అరిచేకొద్దీ వాడు ఇంకా హడలిపోయాడు.

డెట్రాయిట్ పెద్దాయన కోటు తీసుకుని వెళ్ళిపోయారు.

హాస్పిటల్లో డాక్టర్ అడిగారు, మాత్రలు ఎవరు ఆపమన్నారని. నేను పక్కనే ఉన్నాను. తల వంచుకుని పర్సులో ఇన్సూరెన్స్ కార్డు వెతికాను.

రమణ ఒకసారి నావైపు చూశాడు. "నేనే మానేశాను" అన్నాడు. ఆ మాటే మీ అందరికీ చేరింది.

అంత భయంలో ఉన్నవాడికి కూడా నన్ను కాపాడాలని తోచింది.

అక్కడ నర్స్ ఒకావిడ నన్ను కూర్చోబెట్టి నేర్పింది. వాదించొద్దు, అలాగని అవునని తలా ఊపొద్దు. జనాన్ని పంపించి టీవీ కట్టెయ్యి. "నాకు ఆ గొంతులు వినపడటం లేదు, కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది. నేనిక్కడే ఉంటాను" అని మెల్లగా చెప్పు. అంతే.

తేరుకున్నాక రమణే ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. "రెండు రోజులు నిద్రపోకపోతే, అన్నం వాసన చూసి తింటుంటే, డాక్టర్‌కి ఫోన్ చెయ్యి వదినా. నేను వద్దన్నా చెయ్యి."

1986లో ఒకసారి చేశాను. వద్దని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అయినా చేశాను. డోస్ మార్చారు, కొన్ని వారాల్లో కుదుటపడ్డాడు. తర్వాత లైబ్రరీలో జాబ్, సొంత అపార్ట్‌మెంట్.

పెళ్ళి మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మందులు మానేసి గొడవ చేసేవాడని పేరు పడ్డాక ఎవరు ఎత్తుతారు?

ఒకరోజు అడిగాను, "అందరికీ నిజం చెప్పెయ్యనా రమణా?" అని.

"నన్నెలాగూ పిచ్చోడనుకుంటున్నారు. మళ్ళీ నిన్నెందుకు అనిపించుకోవడం వదినా?" అని నవ్వాడు.

నేను సరే అన్నాను. సిగ్గులేకుండా సరే అన్నాను.

రేపు ఫ్యునరల్‌కి అందరూ వస్తారు. వాడి గురించి మాట్లాడుకుంటారు. దయచేసి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రమణ మాత్రలు ఆపలేదు. వదిన ఆపించింది.

రమణా, నన్ను క్షమించమని నిన్ను అడగనురా. అడిగితే వెంటనే క్షమించేస్తావ్, నాకు తెలుసు.

ఏ భయమూ లేని చోట చల్లగా ఉండు నాయనా.