నేను మార్చని శ్రుతి

ఆ సాయంత్రం తప్పు గాయని కల గొంతుది కాదు, నాది. ఎనిమిదేళ్లపాటు ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పుదుచ్చేరిలో మాదొక చిన్న పాటల బృందం. నేను కీబోర్డు వాయించేవాడిని. కోసపాళయం అమ్మాయి కల కొత్తగా చేరింది. ఆమె పాట నచ్చితే ప్రతి శనివారం తన హోటల్లో పాడిస్తానన్న యజమాని ఆ సాయంత్రం మా కచేరీలో ముందు వరుసలో కూర్చున్నాడు. అంతకుముందు పాడినతని కోసం కీబోర్డులో శ్రుతి పెంచిన నేను, కల పాటకు తగ్గించడం మరిచిపోయాను. చరణంలో పైస్వరం దగ్గర ఆమె గొంతు కీచుమని తెగిపోయింది. జనం ఈలలు వేశారు. యజమాని లేచి వెళ్లిపోయాడు.

"గొంతు యాడ పారేసుకోనొచ్చినావు పాపా?" అని డ్రమ్ములవాడు నవ్వాడు.

"శ్రుతి ఎక్కువగా ఉండిందా అన్నా?" అని కల నన్ను అడిగింది.

అప్పటికే గుట్టుగా బటన్ నొక్కి సరిచేసేశాను. "సరిగ్గానే ఉండింది. నువ్వే సాధకం చెయ్యలా" అన్నాను.

ఆమె మళ్లీ వేదిక ఎక్కలేదు. నేను ఎక్కుతూనే ఉన్నాను.

పోయిన నెల అరియాంకుప్పం బస్సులో కల కనిపించింది. పాట పాడమని కూతురు మారాం చేస్తోంది.

"అమ్మకు గొంతు లేదు కన్నా" అంది కల.

ఇక ఉండలేకపోయాను. దగ్గరికెళ్లి అందరి ముందే చెప్పాను. "నీకు గొంతుండాది కలా. ఆ దినం శ్రుతి మార్చడం మరిచింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే. నన్ను మన్నించు."