హాజరు లేని దుమ్ము

మార్కాపురం ఆడవాళ్లు భయపడి పరీక్షకు కళ్లె ఇవ్వలేదనీ, అందుకే ఆ పరిశోధనలో వాళ్ల ఊసు లేకుండా పోయిందనీ మా సంస్థలో ఇప్పటికీ చెబుతారు. కొత్తగా చేరిన పిల్లలకు టీ తాగుతూ చెబుతారు, సెమినార్లలో నవ్వుతూ చెబుతారు. చివర్లో "పల్లెటూరి మూఢనమ్మకాలు, ఏం చేస్తాం" అని ఒక ముక్తాయింపు. అబద్ధం. వాళ్లు ఇచ్చారు. అడిగినదానికంటే ఓపిగ్గా ఇచ్చారు. పారేసింది మేము.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, మాఘమాసంలో నన్ను ఆ పనికి వేశారు. అప్పటికి నేను కణజీవశాస్త్ర విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ని. ఈ హోదా గురించి బయటివాళ్లకు తెలియదు కనుక చెబుతున్నాను. ప్రాజెక్టుకు పెద్ద, ముఖ్య పరిశోధకుడు. నిధులు ఆయన పేరున వస్తాయి, వ్యాసం ఆయన పేరున పోతుంది. ఆయన కింద రిసెర్చి ఫెలోలు. టెక్నికల్ ఆఫీసరు మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. చూసేది మేము, చూసినదానికి అర్థం చెప్పేది వాళ్లు. నన్నే పంపడానికి కారణం నాది గిద్దలూరు కావడం. మా నాయనకు అక్కడ బట్టల దుకాణం ఉండేది. "మీ వైపు వాళ్లే కదా, మీ భాషలో నచ్చజెప్పండి" అన్నారు ముఖ్య పరిశోధకుడైన మా ప్రొఫెసర్ సారు, అదేదో అడవిలో మాట్లాడే భాష అయినట్టు.

విషయం ఇది: పలకరాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో కణాలను ఎలా చంపుతుంది?

కణం చావడం దానంతటదే జబ్బు కాదు. మన ఒంట్లో కణాలు రోజూ చస్తూనే ఉంటాయి. మామూలు చావు ఒద్దికైన చావు. కణం తనను తాను చిన్నచిన్న మూటలుగా కట్టుకుంటుంది, పక్క కణాలు వాటిని మింగేస్తాయి. ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టు ఉంటుంది. రెండోది పగిలిపోయే చావు. పొర చిరిగి లోపలిదంతా బయటపడుతుంది, చుట్టుపక్కల వాపు లేస్తుంది. పలకరాయిలోని సిలికా తెచ్చేది ఎక్కువగా ఈ రెండో చావు. ఊపిరితిత్తుల్లో ఊడ్చి శుభ్రంచేసే మాక్రోఫేజ్ కణాలు దుమ్మును మింగుతాయి. సూక్ష్మజీవినైతే అరిగించుకుంటాయి. రాయిని అరిగించుకోలేవు, పగులుతాయి. దుమ్ము మళ్లీ బయటికొస్తుంది, ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది. కణం చస్తుంది కానీ దుమ్ము చావదు. మనిషి పని మానేసిన ఏళ్లకు కూడా ఆయాసం పెరుగుతూ పోయేది అందుకే.

మార్కాపురంలో పలకల యూనిట్లకు దగ్గరగా ఒక బడి గదిలో దిగాం. ఒక వరసలో మిషన్ల మీద రాయి కోసే మగవాళ్లు. రెండో వరసలో అవే వీధుల్లో ఉంటూ దుమ్ములో పని చేయనివాళ్లు. పోల్చి చూడటానికి పెట్టుకునే ఈ రెండో వరసను మేం కంట్రోళ్లు అంటాం. వాళ్లలో చాలామంది ఆడవాళ్లే. రిసెర్చి ఫెలో ప్రశ్నలు అడిగాడు. "పనికి పోతారా?" "లేదు సార్, ఇంటికాడనే." టిక్కు. అయిపోయింది.

తిరుపతమ్మ ఆ వరసలో వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, నోరు మాత్రం గడుసు. భర్త కాశయ్య రాయి కోసే మిషను మీద మనిషి. ఆమె వచ్చింది సైన్సు మీద ప్రేమతో కాదు. వానాకాలం నుంచి దగ్గు, మందుల షాపు సిరప్పుతో తగ్గడం లేదు. దగ్గు ఉన్నవాళ్లను కంట్రోళ్లుగా ఎలా తీసుకున్నారంటారేమో. క్షయ, జ్వరం లేకపోతే చాలని మా సారు రూలు పెట్టారు. సమ్మతిపత్రం చదివి వినిపించడం నా వంతు. ఎవరి ఫలితం వాళ్లకు రాతపూర్వకంగా ఇస్తామని అందులో ఉంది. తిరుపతమ్మ ఆ ఒక్క వాక్యాన్ని మళ్లీ చదివించుకుంది.

"ఏందో తేల్చి రాసిస్తారు గదా మేడం? నాకది చాలు."

ఉప్పునీటి ఆవిరి పీల్పించి, లోపలి నుంచి కళ్లె దగ్గించి, డబ్బాలో పట్టి, మంచుగడ్డల్లో పెడతాం. ఆలస్యమైతే కణాలు బయట చస్తాయి, అప్పుడు ఏ చావు ఎక్కడిదో తెలియదు.

"బజార్లో ఊస్తే తిడతారు. మీరేంది, బంగారం మాదిరి పెట్టెలో పెడతన్నారు?" అంది తిరుపతమ్మ. వరస వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఆ నవ్వుకే చాలాసేపు దగ్గింది.

కళ్లెను పలచన చేసి నీలిరంగు కలుపుతాం. బతికున్న కణం రంగును లోపలికి రానివ్వదు, పొర చిరిగిన కణం నీలంగా కనిపిస్తుంది. ఏ గాజుపలక ఎవరిదో చదివేవాళ్లకు తెలియకూడదు, సంకేతాలు మాత్రమే ఉంటాయి. నేను అలాగే చదివాను. సంస్థకు తిరిగొచ్చాక సంకేతాలు విప్పితే, కంట్రోళ్లలో సగం మందికి పైగా మిషను మీది మగవాళ్లతో సమానంగా నీలం. అవే కణాలను ధ్రువిత కాంతిలో పెట్టాను. ఆ కాంతిలో సిలికా నలుసు మెరుస్తుంది. తిరుపతమ్మ కణాల్లో నలుసులు మినుకు మినుకుమంటున్నాయి.

"లేబుళ్లు తారుమారయ్యాయి" అన్నారు సారు, తల ఎత్తకుండానే.

నేను మార్కాపురం బస్సెక్కాను.

తిరుపతమ్మ గోనెపట్టా మీద కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, గరుకు కాగితంతో అంచులు రుద్దుతోంది. పక్కన చట్రం బిగించాల్సిన పలకల దొంతరలు. తలుపు దగ్గరగా వేసి ఉంది, దుమ్ము వీధిలోకి పోతే ఆరేసిన బట్టల మీద పడిందని పక్కింటివాళ్లు గొడవకొస్తారట. వేళ్లు గోళ్లదాకా బూడిదరంగు.

"పనికి పోనని చెప్పినావంట గదమ్మా?"

"పోను గదా. పనికి పోయేది ఈయన."

"మరి ఇదేంది?"

ఆమె పలక వైపు అప్పుడే చూసినట్టు చూసింది. "ఇదా? ఇది అన్నం ఉడికేలోపల చేసుకునేది. దీన్ని పనంటే ఈయన నవ్వుతాడు."

గడపలో కూర్చున్న కాశయ్య నిజంగానే నవ్వాడు. "మిషను కాడ ఒక్క పూట నిలబడితే తెలుస్తది మేడం, పనంటే ఏందో."

ఆ వీధిలో ఇల్లిల్లూ అదే. యూనిట్ వాళ్లు పలకలు ఇళ్లకు పంపుతారు, ఆడవాళ్లు రుద్ది తిరిగి పంపుతారు. ఏ యూనిట్ హాజరులోనూ వీళ్లు లేరు. యజమాని దృష్టిలో అది పని కాదు, మొగుడి దృష్టిలో కాదు, చివరికి చేసే మనిషి దృష్టిలోనూ కాదు. దుమ్ముకు మాత్రం ఈ తేడాలు తెలియవు.

తిరిగొచ్చి సమావేశంలో చెప్పాను. సారు శ్రద్ధగా విన్నారు. శ్రద్ధగా వినడం ఆయనకు బాగా వచ్చు.

"కంట్రోలంటే దుమ్ము అంటనివాళ్లమ్మా. వీళ్లకు అంటింది. కాబట్టి వీళ్లు కంట్రోళ్లు కారు, తీసెయ్యండి" అన్నారు.

"సరే సార్, అయితే కార్మికుల వరసలో వెయ్యండి."

"కార్మికులంటే యూనిట్‌లో హాజరుండాలి. ఆ నిర్వచనం మీదే అనుమతి తెచ్చుకున్నాం."

"అంటే వాళ్ల కణాలు చచ్చాయి కానీ హాజరు వేయించుకుని చావలేదంటారు."

ఫెలోలు తలలు దించుకున్నారు. సారుకు కోపం రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది. మంచుపెట్టెలో తేడా వచ్చి ఆ నమూనాలు పాడై ఉండొచ్చన్నారు. పెట్టె ఒకటే, చేతులు ఒకటే, అదే రోజు తీసిన మగవాళ్ల నమూనాలు పనికొచ్చి వీళ్లవి ఎలా పాడయ్యాయని అడిగాను. వేరే ఊరి కాలేజీ సిబ్బందిని కొత్త కంట్రోళ్లుగా తెచ్చారు. రెండు వరసలకూ మధ్య తేడా అద్దంలా వచ్చింది. వ్యాసంలో తిరుపతమ్మ వాళ్ల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: నాణ్యత చాలనందున కొన్ని నమూనాలను పరిగణించలేదు. ఆ వాక్యమే టీ దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ల భయంగా మారింది.

తీసేసిన నమూనాకు ఫలితం ఉండదు. ఫలితం లేనిదానికి కాగితం ఉండదు. కాగితం మీద ముఖ్య పరిశోధకుడి సంతకం కావాలి, నా సంతకం చెల్లదు. అడిగాను, మళ్లీ అడిగాను. "లేనిపోని భయం పెట్టకండి" అన్నారు.

కాబట్టి నోటితోనే చెప్పొచ్చాను. నీ ఊపిరితిత్తుల్లో రాయి నలుసులున్నాయి, పొడిగా రుద్దడం ఆపు, పలక తడిపి రుద్దితే దుమ్ము లేవదు, ఛాతీ పరీక్షకు ఒంగోలు పోవాలి. తిరుపతమ్మ అన్నీ చేసింది. తడిపి రుద్దిన పలకలు ఆరక, వాటికి బిగించిన చెక్క చట్రాలు ఉబ్బాయని యూనిట్ వాళ్లు తిప్పి పంపారు. ఒంగోలులో డాక్టరు, యూనిట్‌లో పని చేశావా అని అడిగాడు. లేదంది. ఆస్తమా అని రాసి, పీల్చే మందిచ్చి పంపాడు.

తర్వాత రెండేళ్లకు నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. గిద్దలూరు వెళ్తూ మార్కాపురంలో దిగాను. తిరుపతమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, మళ్లీ పొడిగానే రుద్దుతోంది. నన్ను చూసి లేవబోయి, ఊపిరి అందక గోడ పట్టుకుంది.

"నువ్వు చెప్పినావు, నేను నమ్మినా మేడం. ఈయన నమ్మాల, యూనిట్టాయన నమ్మాల, డాక్టరు నమ్మాల. కాగితం ఏదీ?"

నా దగ్గర లేదన్నాను, ఎందుకు లేదో కూడా చెప్పాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక పద్ధతి. ఇప్పుడు ఏ పరిశోధనా వ్యాసం చేతికొచ్చినా ఫలితాలు చివర్లో చదువుతాను. ముందు ఎవరిని తీసేశారో చెప్పే వాక్యం వెతుకుతాను. అది చిన్నదిగా, మర్యాదగా ఉంటుంది. దుమ్ము ఎవరికి అంటిందో ప్రశ్నలడిగి తేల్చకూడదనీ, మెరిసే నలుసు కనిపించాక నిర్వచనం మార్చుకోవాలి తప్ప మనిషిని కాదనీ నేర్చుకున్నాను. మా సంస్థ నేర్చుకోలేదు.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే తిరుపతమ్మ ముక్కు గుడ్డ కిందికి లాగి ఒక మాట అడిగింది. అదే మాట సారుకు ఉత్తరంలో రాశాను, జవాబు రాలేదు. ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను, ఆమె అడిగినట్టే.

"నన్ను బాగున్నోళ్లల్లో ఏసుకున్నారు. బాగలేనని తీసేసినారు. తీసేసి, ఏడ ఏసినారు?"