యాభై మీద మొదటి గీత

వెర్నియర్ చదవడం నాకు మా ఆయనే నేర్పారు, అదీ ఆయనకు దాని మీది గీతలు కనపడటం మానేశాక.

చిలకలూరిపేటలో మా ఇల్లూ లేత్ షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా మామగారు ఊరూరా తిరిగి విల్లుతో పరుపుల దూది ఏకిన మనిషి. మా ఆయన ఆ విల్లు ముట్టుకోలేదు. పత్తి మిల్లుల యంత్రాలకు లేత్ మీద షాఫ్టులూ బుష్షులూ తరిగే పనిలో పడ్డారు. ఎనభైల నడుమ ఆయనకు నలభై దాటాయి. పేపరు చదివేటప్పుడు చెయ్యి బారుగా చాపడం మొదలుపెట్టారు. కళ్ళజోడు కొనుక్కోండని నేనంటే ఇంతెత్తున లేచేవారు.

"లేత్ మేస్త్రీ కళ్ళజోడు పెడితే ఇంకేమన్నా ఉందా? పని మొత్తం పక్క వీధి షెడ్డుకు పోద్ది."

పక్క వీధిలో కొత్త లేత్ పెట్టిన మాట నిజమే. అతను కుర్రవాడు, కళ్ళు బాగున్నవాడు. అందుకని ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మా ఆయన షెడ్డు తలుపు మూసే ఉంచి నన్ను పిలిచారు. గచ్చు మీద సుద్దముక్కతో బారెడు స్కేలు గీశారు. అసలుది ఆయనకు కనపడదు కాబట్టి గీతకూ గీతకూ మధ్య జానెడు వదిలారు.

"పైన ఉన్నవి మిల్లీమీటర్లు. ఇవి కదలవు. కింద జారే పలక మీద యాభై గీతలు. ఈ యాభై ఖాళీలూ నలభై తొమ్మిది మిల్లీమీటర్లలో సర్దుకున్నాయి. అంటే ఒక్కో ఖాళీ మిల్లీమీటరు కన్నా రెండు పాయింట్లు పొట్టి."

"పాయింటంటే?"

"మిల్లీమీటర్ని నూరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ముందు సరుకును పట్టే దవడలు రెండూ మూసి చూడు. కింది సున్నా పై సున్నాకు ఎదురుగా ఉండాలి. లేకపోతే దానికేదో జబ్బు చేసినట్టు. బాగుంటే అప్పుడు సరుకును పట్టు. మెల్లిగా పట్టు, నిమ్మకాయ పిండినట్టు పిండొద్దు. కింది సున్నా పై స్కేల్లో ఏ గీత దగ్గరికొచ్చింది, లేదా ఏ గీత దాటింది, అవి మిల్లీమీటర్లు. ఆ తర్వాత కింది గీతల్లో ఏది పై గీతతో సరిగ్గా నిలువుగా కలిసిందో వెతుకు. అది ఎన్నో గీతయితే దానికి రెట్టింపు పాయింట్లు. రెండూ కలిపితే కొలత."

నేను ఏడో తరగతి దాకా చదివాను. రెండో ఎక్కం నాకేం లెక్క కాదు. పది నిమిషాల్లో వచ్చేసిందన్నాను. ఆయనా నమ్మారు.

అప్పటినుంచి మా పద్ధతి ఇదీ. ఆయన మిషను ఆపి, వెర్నియర్ని సరుకుకు తగిలించి, స్క్రూ బిగించి, తీసి బల్ల మీద పెట్టేవారు. "టీ" అని కేకేసేవారు. నేను గ్లాసు తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టే నెపంతో వంగి, గీతలు లోపల్లోపలే లెక్కపెట్టుకుని, ఆయనకు మాత్రం వినపడేలా అంకె చెప్పి వచ్చేదాన్ని. సరుకు కోసం కూర్చున్నవాళ్ళకు ఈ మేస్త్రీ పూటకు ఎనిమిది టీలు తాగుతాడనే తెలుసు. మార్టూరులో రాళ్ళు కోసే మిషన్లకు బోల్టులూ చిన్నచిన్న పుల్లీలూ ఇలాగే చేశాం. వాటికి నాలుగు పాయింట్లు అటో ఇటో అయినా అడిగేవాడు లేడు. నాకేమో బోలెడు గర్వం.

ఆ సంక్రాంతి వెళ్ళిన వారం పత్తి మిల్లు షాఫ్టు పని వచ్చింది. పాతది విరిగి మిల్లు ఆగిపోయింది. పత్తి బండ్లు గేటు ముందు వరసకట్టాయి. మాకు సగం పని ఇచ్చేది ఆ మిల్లే. అక్కడ యంత్రాలు బిగించే ఫిట్టరు, పెద్దాయన, స్వయంగా వచ్చి చెప్పిపోయారు.

"బేరింగు లోపలి కొలత యాభై. షాఫ్టు యాభై మీద రెండు పాయింట్లు ఉంచు మేస్త్రీ. బేరింగును నూనెలో కాచి దాని మీదికి దింపుతా. చల్లారాక కరుచుకుని కూర్చోవాలి."

పదిన్నరకల్లా మొదటి టీ. నేను చూసి "నాలుగు పాయింట్లు" అన్నాను. ఆయన ఎమరీ గుడ్డతో రుద్ది రెండు పాయింట్లు తగ్గించారు. మళ్ళీ టీ. "రెండు" అన్నాను. షాఫ్టు రిక్షా ఎక్కింది. ఆ పూట నేను గోంగూర పప్పు చేసి, ఆయనకు నెయ్యి కాస్త ఎక్కువే వేశాను.

అన్నాలు తిని చెయ్యి కడుక్కునేలోపు రిక్షా తిరిగొచ్చింది. షాఫ్టుతో పాటు ఫిట్టరూ దిగారు. ఆయన కోప్పడలేదు. బేరింగు తీసి షాఫ్టు కొసకు పెట్టి వేలితో నెట్టారు. కాచకుండానే లోపలికి జారిపోయింది.

"ఇది మిల్లులో తిరిగితే బేరింగు ఆగుద్ది, షాఫ్టు తిరుగుద్ది. వారంలో అరిగిపోద్ది. కొలిచావా అసలు?"

"కొలిచాను. యాభై మీద రెండు."

ఫిట్టరు మా వెర్నియరే తీసుకుని షాఫ్టుకు పట్టి, స్క్రూ బిగించి మా ఆయన చేతిలో పెట్టారు. "ఏదీ, ఇప్పుడు చదువు."

షెడ్డులో మార్టూరు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. మా ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పారు. చెయ్యి చాపారు. కళ్ళు చికిలించారు. ముఖమంతా చెమట. ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నేను ఉండబట్టలేకపోయాను.

"ఆయన చదవలేదండీ. పొద్దున చదివింది నేను."

"లోపలికి పో," అని మా ఆయన అరిచారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో నా మీద అరవడం అదే మొదలు. నేను పోలేదు.

ఫిట్టరు వెర్నియర్ నాకిచ్చారు. "ఎట్లా చదివావో చెప్పమ్మా."

"కింది సున్నా యాభై దగ్గర ఉంది. కాబట్టి యాభై." తర్వాత గోరు సున్నా గీత మీద పెట్టాను. "ఇది పై గీతతో కలిసింది. లాభం. అంటే ఒక గీత. ఒక గీతకు రెండు పాయింట్లు."

మా వైపు వడ్లు కొలిచినా మిరపకాయల బుట్టలు దించినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అని వెళ్తారు. మా అమ్మ అలాగే కొలిచింది, నేనూ అంతే. వెర్నియర్ మీద కంటికి మొదట కనపడేది సున్నా గీత కాబట్టి అదే నా లాభం అయింది. పొద్దున మొదటిసారే షాఫ్టు సరిగ్గా ఉంది. సున్నా పక్క గీతను రెండోదిగా లెక్కపెట్టి నేను నాలుగు అన్నాను, ఆయన బంగారంలాంటి పనిని అరగదీసి పాడుచేశారు.

"సున్నా గింజ పడని కుంచం తల్లీ," అన్నారు ఫిట్టరు. "దాన్ని లెక్కపెడతారా ఎవరన్నా?"

మార్టూరు వాళ్ళు నవ్వారు. నాకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. ఫిట్టరు మాత్రం మా ఆయన వైపు తిరిగారు.

"కళ్ళు ఎప్పటినుంచి?"

"రెండేళ్ళయింది."

నేను వెర్నియర్ పట్టి మూడు నెలలేనని చెప్పాను. ఫిట్టరు మా ఆయన్నే అడిగారు. "మరి అంతకుముందు ఎట్లా చేశావయ్యా? నీ పని ఒక్కటీ తిరిగి రాలేదే!"

"పాత బేరింగు పక్కన పెట్టుకుని చేత్తో తడిమి చూసేవాణ్ణి. చెయ్యి కూడా ముసలిదవుతోందని భయమేసి దీనికి నేర్పాను."

ఆ మాట నాతో అననందుకు నాకు చాలా కోపం వచ్చింది. నెయ్యి వేసినందుకు కూడా కోపం వచ్చింది. ఫిట్టరు బేరింగు బల్ల మీద పెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నారు. వెర్నియర్ ఎవరు చదివినా తనకు ఫర్వాలేదనీ, షాఫ్టు పొద్దు వాలేలోపు కావాలనీ అన్నారు.

షాఫ్టు తగ్గిన చోట వెల్డింగుతో లోహం పోయించి, చల్లారనిచ్చి, మళ్ళీ లేత్ ఎక్కించారు. చివర్లో మా ఆయన మిషను ఆపారు. వెర్నియర్ పట్టి స్క్రూ బిగించారు. అలవాటుగా "టీ" అనబోయి ఆగి, నన్ను పేరు పెట్టి పిలిచారు.

నేను వంగి చూశాను. సున్నా గీత యాభైని వెంట్రుకవాసి దాటింది. దాని పక్క గీత పై గీతతో కలిసింది. సున్నాను లెక్కపెట్టలేదు. మూడుసార్లు చూశాను. ఆయన చెవి దగ్గరికి వంగి మెల్లిగా చెప్పాను.

"గట్టిగా చెప్పవే," అన్నారు ఆయన. "ఫిట్టరు గారికి వినపడాలి."

"యాభై మీద మొదటి గీత," అన్నాను. "రెండు పాయింట్లు."

ఫిట్టరు వచ్చి చూసి తల ఊపారు. ఆ మర్నాటి నుంచి షెడ్డులోకి నేను వట్టి చేతులతోనే వెళ్ళేదాన్ని.