కూల్‌డ్రింక్ ముట్టని నెల

"కూల్‌డ్రింకులు రోజుకి ఎన్ని తాగుతారమ్మా?" అని డాక్టర్ అడిగినప్పుడు అబద్ధం చెప్పాలని నాకు తోచలేదు. రెండు, అన్నాను. ఎండాకాలమైతే మూడు. ఆయన ముందున్న కాగితాల్లో నా రక్తం, మూత్రం, గుండె అన్నిటి సంగతీ రాసి ఉంది. కిడ్నీ ఇవ్వడానికి పనికొస్తానా లేదా అని పది రోజులుగా నన్ను తిప్పి తిప్పి పరీక్ష చేశారు. అన్నీ బాగున్నాయి. చక్కెర ఒక్కటే అంచు మీద ఉంది. ఇంకొంచెం పెరిగితే షుగర్ జబ్బు కిందే లెక్క, షుగర్ ఉన్న మనిషి కిడ్నీ తీసుకోరు.

"ముందు ఆ కూల్‌డ్రింకులు పూర్తిగా ఆపేయండి. నెల రోజులు చూద్దాం. మళ్లీ రక్తం తీసి, చక్కెర తగ్గితే ఆపరేషన్ మాట ఆలోచిద్దాం," అన్నాడాయన. కోస్తావైపు మాట, మెత్తగా ఉంటుంది. నాకు మాత్రం ఆ మాటల్లో ఒక్కటే వినపడింది. కూల్‌డ్రింక్ మానితే తమ్ముడు బతుకుతాడు.

నా తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు ఎల్బీనగర్‌లో డయాలసిస్. వాడి భార్య ఇస్తానని ముందుకొచ్చింది గానీ రక్తం గ్రూపు కలవలేదు. అమ్మానాన్నలు లేరు. మిగిలింది నేను, నాది కలిసింది. ఆ రోజు దవాఖాన మెట్ల మీద నేనూ మరదలూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం.

నా పెళ్లి రెండేళ్లు నిలిచింది. ఇక అక్కడ ఉండలేనని తమ్ముడికి ఫోన్ చేసిన రోజు వాడు గడ్డిఅన్నారం మార్కెట్లో మామిడికాయ దించుతున్నాడు. కడగని ట్రాలీ ఆటో వేసుకుని అట్లాగే నల్గొండ పక్కన మా అత్తగారి ఊరికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. నా పెట్టె ఎక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కర్మన్‌ఘాట్‌లో తన ఇంటికి తెచ్చాడు. ఎన్ని రోజులుంటావని ఆ రోజు అడగలేదు, పదహారేళ్లలో ఎప్పుడూ అడగలేదు. మరదలూ అడగలేదు. ఆడపడుచు వచ్చి ఇంట్లో తిష్ఠ వేస్తే ఏ ఆడది ఊరుకుంటుంది చెప్పండి? ఈమె ఊరుకుంది. అలాంటి వాళ్లకు నేను ఒక్క నెల నోరు కట్టుకోలేనా?

నవ్వుతారేమో, నవ్వండి. కట్టుకోవడానికి నా ప్రాణం పోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల మీదికి జాకెట్ గుడ్డలు, ఫాల్స్ అమ్మే మ్యాచింగ్ సెంటర్లో నేను సేల్స్ మనిషిని. పొద్దంతా నిలబడే పని. చీర తెచ్చి బల్ల మీద పరుస్తారు, నలభై రంగులు దించమంటారు, లైటు కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి పెట్టి చూసి, "కొంచెం తేడా ఉందండీ" అని వెళ్లిపోతారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి కాళ్లు పీకుతాయి, తల దిమ్మెక్కుతుంది. అప్పుడు ఎదురుగా ఉన్న పాన్‌డబ్బాకు వెళ్తాను. అతను నన్ను చూడగానే ఐసు అడుగు నుంచి గాజు సీసా తీసి మూత లేపుతాడు. ఆ నల్లటి డ్రింక్ గొంతు మండిస్తూ దిగి, ముక్కులోంచి గ్యాసు తన్నుకొచ్చి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి చూడండి, రోజు మొత్తంలో నాది అనుకునేది ఆ ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో నన్నెవరూ రంగు అడగరు.

మానేసిన రెండో రోజుకే తల పగిలిపోయింది. నాలుగో రోజు ఒకావిడ "ఇది నెమలికంఠం కాదు" అంటే, "అసలు మీ చీరే నెమలికంఠం కాదు, పోండి" అని అరిచాను. సేటు గల్లా దగ్గరికి పిలిచి చీవాట్లు పెట్టాడు. పక్కన పనిచేసే పిల్ల మాత్రం ఆట పట్టించడం మానలేదు. "అక్కా, గా సీసాలు నిన్నే చూస్తున్నయ్. జర చెయ్యన్న ఊపు," అనేది. చంపుతానన్నాను. ఆ రోజు నుంచి వీధివైపు వీపు పెట్టి నిలబడ్డాను.

పన్నెండో రోజు నావల్ల కాలేదు. పిచ్చిదానిలా రోడ్డు దాటి వెళ్లాను. "ఏందక్కా, ఎన్ని దినాలాయె! మాతోని ఏమన్న కొట్లాటనా?" అంటూ నేను నోరు తెరిచేలోపే పాన్‌డబ్బా అతను మూత లేపేశాడు. సీసా చేతిలోకి తీసుకున్నాను. చల్లదనం మోచేతి దాకా పాకింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అంతే. చుక్క తాగలేదు, మీ మీద ఒట్టు. బల్ల మీద పెట్టేసి, డబ్బులిచ్చి, వెనక్కి పరుగెత్తాను. లైనింగ్ గుడ్డల మూటలుండే గదిలోకి దూరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అక్కడ తమ్ముడు రోజుకు ఇన్ని నీళ్లని కొలిచి, స్టీలు గ్లాసులో పోసుకుని, గుక్క గుక్కకూ ఆగి తాగుతున్నాడు. నాలుక పిడచకట్టుకుపోతున్నా ఇంకో గ్లాసు అడగడు. ఇక్కడ నేను నలభై మూడేళ్లదాన్ని, ఒక సీసా కోసం ఏడుస్తున్నాను. సిగ్గులేని జన్మ అనుకున్నాను. దేవుడా, నన్ను ఈ నెల దాటించు, తర్వాత నా గొంతు కోసినా సరే అనుకున్నాను.

ఇంట్లో మరదలు నన్ను కాపాడుకోవడం మొదలుపెట్టింది. తమ్ముడు పండ్ల మార్కెట్లో ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషి. మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఊరి బయట బాటసింగారానికి మారిపోయినా అక్కడి వాళ్లు వాణ్ణి మర్చిపోలేదు. వారం వారం ఎవరో ఒకరు బత్తాయిల సంచి తెచ్చి గుమ్మంలో దించిపోయేవారు. మా నల్గొండ బత్తాయిలే. రోగి ఉన్న ఇంటికి ఇంకేం తెస్తారు? కానీ డయాలసిస్ మనిషికి ఆ పండ్లు పడవు, దవాఖానలో ముందే గట్టిగా చెప్పారు. అందుకని సంచులన్నీ నా పాలబడ్డాయి.

"గా సీసా మానినవ్ గద వదినె, నోరు పీకుతుంటది. గిది తాగు," అని మొదటి రోజు మరదలు పెద్ద గ్లాసు చేతిలో పెట్టింది. ఆరు కాయల రసం, పైన రెండు చెంచాల చక్కెర.

"చక్కెర ఎందుకు పిల్లా?"

"పుల్లగున్నయ్. రెండు చెంచాలకు ఏమైతది? రేపు కోసి కిడ్నీ తీస్తే నీకు బలం ఉండొద్దా?"

నేను ఇంకేం అడగలేదు. పండు కదా. జ్వరమొచ్చిన పసిపిల్లలకు పోసేది, దవాఖాన మంచం పక్కన పెట్టేది. చెడ్డదల్లా ఆ నల్లటి సీసాలో ఉంది, దాన్ని నేను మానేశాను. పొద్దున ఒక గ్లాసు. షాపుకు ఒక సీసా నిండా పోసిచ్చేది, మూడింటికి అదే తాగేదాన్ని. ఇంటికి రాగానే ఇంకో గ్లాసు. పడుకోబోయే ముందు బెల్లం వేసిన రాగి జావ. రక్తం పడుతుందని ఖర్జూరాలు. మంగళవారం మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి చుట్టూ తిరిగొచ్చి, ప్రసాదం కూడా నా నోట్లోనే పెట్టేది. "నువ్వు మంచిగుంటేనే ఆయన మంచిగుంటడు వదినె," అనేది. ఈ ఇంట్లో పదహారేళ్లుగా నేను ముద్ద తింటున్నాను, కానీ నన్ను ఇంత ముద్దుగా ఎవరూ చూసుకున్నది లేదు.

మూడో వారంలో దాహం ఎక్కువైంది. మాటిమాటికీ బాత్రూమ్‌కు పోవాల్సి వచ్చేది. ఎండలు కదా అనుకున్నాను. నా మొహం, అంతకు మించి నాకేం తెలుసు.

నెల నిండిన రోజు పొద్దున పరగడుపున వెళ్లి రక్తమిచ్చాను. తిన్నాక ఇంకోసారి ఇచ్చాను. తమ్ముడికి ముందురోజే డయాలసిస్ అయి లేవలేకుండా ఉన్నాడు. వాడి దగ్గర మరదలు ఉంది. నేను ఒక్కదాన్నే వెళ్లాను. నిజం చెప్పాలంటే ఉషారుగా ఉన్నాను. గెలిచి వచ్చినట్టే కూర్చున్నాను ఆయన ముందు.

డాక్టర్ కాగితం చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూశాడు. "ఆపలేదామ్మా?"

"ఆపిన సార్. చుక్క ముట్టలే. ఎవర్నన్న అడగండి."

"మరి ఇంకేం తాగుతున్నారు?"

చెప్పాను. బత్తాయి రసం, జావ, ఖర్జూరాలు. చెప్తుండగానే ఆయన మొహం మారింది. కలం కింద పెట్టేశాడు.

"రసంలో చక్కెర వేసుకున్నారా?"

"రెండు చెంచాలు సార్. పుల్లగుంటే."

"అయ్యో, ఎంత పని చేశారమ్మా," అన్నాడు. సీసాలోది తాగినా గ్లాసులోది తాగినా నా ఒంటికి తేడా తెలియదని, మామూలు రోజుల్లో కంటే ఈ నెలలో ఎక్కువ తీపి తాగానని మెల్లగా విడమరిచి చెప్పాడు. ముందు నుంచీ అంచు మీదే ఉన్నాను, ఇప్పుడు దాటేశాను. ఇక నా కిడ్నీ తీసుకోలేరు. తీస్తే రేపు నేనే డయాలసిస్ మెషిన్ మీద పడుకోవాల్సి వస్తుందట.

"ఇంకొక నెల ఇయ్యండి సార్. రసం గూడ బంద్ చేస్త. అన్నం బంద్ చేస్త. నీళ్లు తాగి బతుకుత." వంగి కాళ్లు పట్టుకోబోయాను. ఆయన కంగారుపడి కుర్చీ వెనక్కి జరిపాడు.

"నెలలో పోయేది కాదమ్మా ఇది. మీ తమ్ముడి పేరు లిస్టులో పెడదాం. చనిపోయినవాళ్ల కిడ్నీ దొరికినప్పుడు చూద్దాం."

ఎప్పుడు దొరుకుతుందని అడిగాను. చెప్పలేమన్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కలేదు. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ఎండలో నడిచాను. నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, రోడ్డు మీదే చెంపలు వాయించుకోవాలనిపించింది. ఒక్క మాట అడిగితే ఏం పోయేది? సార్, పండ్ల రసం తాగొచ్చా అని ఒక్క మాట. డాక్టర్ ఒక్క పేరు చెప్తే ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను, తక్కిన బుర్రంతా అమ్మేసుకున్నట్టు. సగం దూరం వచ్చాక ఇంకో సంగతి తట్టి కాళ్లు ఆగిపోయాయి. ఇంట్లో మరదలు ఉంది. ఆమెకేం చెప్పాలి? నీ చేతి రసమే నీ మొగుడికి కిడ్నీ లేకుండా చేసిందని చెప్పాలా? వాణ్ణి వారానికి మూడుసార్లు లేపి, కూర్చోబెట్టి, ఆటో ఎక్కించేది ఆమె. రేపటి నుంచి కూడా ఆమే చెయ్యాలి. ఈ మాట చెప్తే ఆమె ఇంకో పొద్దు చూడగలదా? నేను చెప్పలేననిపించింది. అక్కడే, రోడ్డు పక్కన నిలబడే నిర్ణయించుకున్నాను.

తలుపు తీసే ఉంది. తమ్ముడు ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. మరదలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నరు వదినె? ఎప్పుడు రమ్మన్నరు?"

"షుగర్ ఎక్కువైందంట. నాది పనికిరాదన్నరు."

"అదెట్ల? నువ్వు మానినవ్ గద?"

"మానలే," అన్నాను. "షాపు కాడ తాగిన. రోజూ తాగిన. నాతోని కాలే."

ఆమె కాసేపు నా నోటివైపే చూసింది, ఇంకేదో చెప్తానేమోనని. తర్వాత అరిచింది. "గా సీసా కన్న ఎక్కువ కాకపాయెనా నీ తమ్ముడు? మనిషివేనా నువ్వు? నేను నీకు పిండి పిండి పోసిన గదనే, ఈ చేతులతోని!" గద వదినె అనలేదు, గదనే అంది. నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. రెండు చేతులతో నెత్తి కొట్టుకుంటూ కింద కూలబడిపోయింది. తిట్టనీ అనుకున్నాను. నన్ను తిట్టగలిగితే ఆమె లేచి నిలబడుతుంది. నేను గోడకు ఆనుకుని అన్నీ విన్నాను.

తర్వాత తమ్ముడి మంచం వైపు చూశాను. నా పెట్టె మోసి నన్ను తెచ్చుకున్నవాడు, పుట్టినప్పటి నుంచి నన్ను ఎరిగినవాడు. నేను అలా చెయ్యనని వాడొక్కడికైనా తెలిసి ఉంటుందనుకున్నాను.

"పోనియ్యే. అక్కకు ముందుసంది గా సీసంటే పానం," అన్నాడు భార్యతో, నావైపు చూడకుండా. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేనే చెప్పాను. నమ్మాలనే చెప్పాను. అంత తొందరగా నమ్ముతాడనుకోలేదు.