కన్ను దాటని తెలుపు

ఉదయం ఐదున్నరకు పడవ నన్ను దీవి దగ్గర దింపింది. తొంభైల మొదట్లో సంగతి. నికోబార్ వైపు, పేరు చెప్పినా మీకు తెలియనంత చిన్న దీవి. మోకాళ్ళ లోతు నీళ్ళు, వీపున కిట్, చేతిలో రైఫిల్. అప్పటికి నాకు పెళ్ళై పదహారు రోజులు. అశోక్‌నగర్ కిరాయి గదిలో వసంతను వదిలి వచ్చాను.

నా డ్యూటీ తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది. బైనాక్యులర్స్‌తో సముద్రం చూడాలి, కనబడిన పడవను లాగ్‌బుక్‌లో రాయాలి. మూడు వారాలైనా పడవ రాలేదు. పిట్టలు వచ్చాయి. పైన నలుపు, కింద తెలుపు, చీలిన తోక, నుదుట తెల్ల మచ్చ. ఎంతసేపు చూసినా నీళ్ళ మీద వాలవు. ఊరికే ఉండలేక వాటినీ రాశాను.

రేడియో ఆపరేటర్ వరంగల్ వాడు. రోజూ ఆరింటికి నా పోస్టును పిలిచి అడిగేవాడు.

"పోస్టు రెండు, ఏమన్న కనబడ్డదా? ఓవర్."

"పడవలు లేవు. పిట్టలు పదకొండు. ఓవర్."

"పిట్టల లెక్క ఎవలకు గావాలె అన్నా? ఓవర్."

వసంతకు కావలసి వచ్చింది. పదహారు రోజుల పరిచయానికి ఉత్తరంలో ఏం రాయాలో తోచక, సిగ్గుపడి, పిట్ట గురించి రాశాను. ఆమె చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళింది. కుర్చీలన్నీ పరీక్షలకు చదివే పిల్లలవే. ఇంటికివ్వని పిట్టల పుస్తకాన్ని బీరువా పక్కన నిలబడి చదివింది. నలభై రోజులకు జవాబు వచ్చింది.

"పుస్తకంల ఇట్లాంటివి రెండున్నయి. నుదుటి తెలుపు కంటి కాడ ఆగితే సూటీ టర్న్. కన్ను దాటితే బ్రైడల్డ్ టర్న్. జర చూసి రాయుండ్రి."

అప్పటికి పిట్టలు వెళ్ళిపోయాయి. ఆ పూట అన్నం సయించలేదు. ఆమె నన్ను అడిగిన మొదటి సంగతి అది.

తర్వాతి ఉత్తరాలన్నీ ఒకే మాటతో ముగిసేవి: "వచ్చినయా?" రాలేదు అని రాసేవాణ్ణి. రోజూ అదే ఆకాశం చూశాను. పిట్టకంటే ఆమె మీదే బెంగ ఎక్కువని నాకు తెలుసు, రాయడం చేతకాలేదు.

పది నెలలకు బదిలీ ఆర్డర్ వచ్చింది. బైనాక్యులర్స్ జమ చేసి మద్రాసు ఓడ ఎక్కాను. మూడో రోజు పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు ఒక్క పిట్ట ఓడ పక్కకు వచ్చింది. రెయిలింగ్ ఎత్తులో, చేయి చాస్తే అందేంత దగ్గరగా ఎగిరింది. ఒకసారి తల తిప్పింది. తెలుపు కంటి దగ్గరే ఆగింది.

మద్రాసు నుంచి రైల్లో వచ్చేసరికి అశోక్‌నగర్‌లో గదికి తాళం ఉంది. ట్రంకు పెట్టె పక్కింట్లో పెట్టి లైబ్రరీకి నడిచాను. వసంత అదే బీరువా దగ్గర నిలబడి ఉంది.

"కంటి దగ్గరే ఆగింది" అన్నాను మెల్లగా.

వసంత పుస్తకం తీసింది. బస్ టికెట్ పెట్టి ఉంచిన పేజీ తెరిచింది. నేను బొమ్మ మీదికి వంగాను.

"పిట్ట యాడికి పోదు" అంది. "ముందు నన్ను చూడుండ్రి."

చూశాను. ఎడమ కంటి కొసన ఆవగింజంత పుట్టుమచ్చ. పదహారు రోజుల్లో నేను అది చూడనే లేదు. ఇప్పటికీ ఎవరైనా సముద్రం అంటే నాకు ముందు కనబడేది ఆ మచ్చే.