ఎమ్మిగనూరు మాత్ర, ఆదోని మాత్ర

మూత్రం ఆగని ముసలివాడికి ఎమ్మిగనూరులో ఒక మాత్ర రాస్తారు, ఆదోనిలో మరొకటి రాస్తారు. మధ్యన బస్సులో గంట దూరం. ఆ గంట దూరం వల్ల నేను నాలుగు నెలలు మతి లేని మనిషిలా బతికాను.

మొదటి రోజు బాగా గుర్తుంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తున్నాను. ఉన్నట్టుండి ఒత్తుకొచ్చింది. కాళ్లు పైకి తీసేలోపే పంచె తడిసింది. దానికి నేను చేసుకున్న సొంత వైద్యం నీళ్లు మానేయడం. మా నేతగాళ్లకు అది పాత అలవాటే. మాటిమాటికీ గుంతలోంచి లేవలేక గొంతు ఎండబెట్టుకుంటాం. దాంతో మూత్రంలో మంట పట్టుకొని ఇంకా ఎక్కువసార్లు లేవాల్సి వచ్చింది.

మా ఎమ్మిగనూరు డాక్టరు యూరిన్ టెస్టు, స్కానింగు చేయించారు. "ప్రోస్టేట్ బాగానే ఉంది. ఓవర్ యాక్టివ్ బ్లాడర్ ఇది, మూత్రసంచి ఊరికూరికే ముడుచుకుంటుంది, భయం లేదులే పెద్దాయనా" అని ఆక్సీబ్యుటినిన్ మాత్ర రాశారు.

వారంలో తడవడం తగ్గింది. నెల తిరిగేసరికి నోరు పిడచకట్టింది, మలబద్ధకం పట్టుకుంది. ఆ తర్వాత మతి జారింది. నేను చదివింది ఐదో తరగతే అయినా, దొరికిన ప్రతి కాగితమూ చదివి గుర్తుపెట్టుకున్నవాణ్ణి. యాభై ఏళ్ల కిందట నేసిన చీర అంచు ఇప్పుడడిగినా చెప్తాను. అలాంటిది, చేతిలో ఉన్న అంచు లెక్క తప్పి మూరెడు నేత విప్పుకున్నాను.

నా భార్య మొదట నవ్వింది. "ఏమప్పా, ఇప్పుడే కదా తింటివి, మళ్లా సంగటి అడుగుతాండావు? నా వంట అంత రుచిగుండాదా?"

మూడోసారి అడిగిన రోజు నవ్వలేదు. "లెయ్యి, ఆదోనికి పోదాం" అంది.

ఆదోని డాక్టరమ్మ నా మాత్రల అట్ట తిప్పి చూసింది. "మీదీ ఎమ్మిగనూరేనా?"

"అట్ట సూసి ఊరెట్ల సెప్తివి తల్లీ?"

"అక్కడి నుంచి వచ్చే పెద్దవాళ్లందరి దగ్గరా ఇదే ఉంటుంది. మీ వయసులో కొందరికి ఇది మెదడు మీద పనిచేస్తుంది."

ఆ మాత్ర ఆపించి, బీపీ చూసి, మిరబెగ్రాన్ అనే వేరే మాత్ర రాసింది. మూడు వారాలకు మతి తేటపడింది. కోపం కూడా అప్పుడే వచ్చింది.

మా వీధిలో నా ఈడు నేతగాణ్ణి, ఈ మాత్ర నీకూ రాశారా అని అడిగాను. "నాకూ అదే రాసినాడన్నా. ఒంటికి పడక నిలిపేసినా. ఆదోనిలో వేరేది రాయించుకుంటి" అన్నాడు.

"నాకు సెప్పలేదే!"

"పంచె తడుస్తాందని దండోరా వేయమంటావా? ఆదోనిలో అయితే మన మొగం ఎవురికి తెలుసు?"

మరో ముగ్గురిదీ అదే కథ. మా ఊరి డాక్టరు కమీషన్ కోసమే రాస్తున్నాడని మనసులో తీర్పు చెప్పేశాను. అయినా ఎందుకో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు రోజంతా కొంచెం కొంచెం నీళ్లు తాగుతున్నాను, మూత్రానికి వేళ పెట్టుకొని లేస్తున్నాను. అప్పుడప్పుడు తడుస్తుంది, మగ్గం మాత్రం ఆగలేదు. చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను: మాత్ర పడకపోతే గుట్టుగా ఊరు మార్చకండి, రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి చెప్పండి. నలుగురి చీటీలూ నా చీటీతో కలిపి బల్ల మీద పెట్టి, "మాకందరికీ ఇదే ఎందుకు రాస్తివి సార్?" అని నేను నిలదీశాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, కళ్లద్దాలు తీసి ఇలా అన్నారు:

"వీళ్లు మళ్లా రాలేదు పెద్దాయనా. బాగైపోయినారనుకుంటి. అందుకే నీకూ అదే రాస్తి."