బొగ్గుబస్సు కింద బురద

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. జమ్మలమడుగు నుంచి కడపకు పోయే బస్సు మిట్టమధ్యాహ్నం దారిలో మొరాయించింది. రేడియేటరుకని డ్రైవరు మా మరచెంబులన్నీ ఖాళీ చేశాడు. ఒక ముసలామె మాత్రం తన చెంబు ఇవ్వలేదు. ఆమె ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన వావిలి కొమ్మలున్నాయి.

"మనుషులు ఎండుతాంటే కొమ్మలకు నీళ్ళా అవ్వా?" డ్రైవరు కసిరాడు.

"నా బిడ్డకు కాన్పయినాదప్పా. వావిలాకు కాంచిన నీళ్ళు పోయాల. మా ఊరి వంకలో ఊరికే పెరుగుతాది, నా బిడ్డ ఊర్లో ఒక్క చెట్టూ లేదు. ఆకు దూసుకోని ఈటిని నాటాల," అంటూనే చెంబు ఇచ్చేసింది.

ఆ నీళ్ళూ పోశాడు. బస్సు కదల్లేదు. వంగి చూస్తే, రేడియేటరు కారి మా నీళ్ళన్నీ నేల పాలయ్యాయి. నాకు ఒళ్ళు మండి డ్రైవరును నోటికొచ్చినట్టు తిట్టాను.

ముసలామె బస్సు కింద చేయి పెట్టి తడిమట్టి తీసింది. కొమ్మల మొదళ్ళకు ముద్దగా మెత్తి, మళ్ళీ గుడ్డ చుట్టింది.

"మీ బండి లేసేదాకా నా బిడ్డ స్నానం ఆగుతాదా?" అని మూట నెత్తిన పెట్టుకుని నడిచిపోయింది.

పొద్దుగూకేదాకా బస్సును తోస్తూనే ఉన్నాం. అన్ని చెంబుల నీళ్ళలో పనికొచ్చింది ఆ మట్టిముద్దలోని తడి ఒక్కటే.